పెట్టెలో మొదటి వరస

ముందు గది, కిటికీ పక్క బల్ల దగ్గర్నుంచి

అల్లుడుగారికి, మీ ఇంట్లో మీ కుర్చీలోనే కూర్చుని మీ మామగారు పంపే ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, మీ ఇంటి ఇంటర్నెట్ తప్ప.

మీరు కొత్త ఉద్యోగానికి బయలుదేరేటప్పుడు ఏమన్నారు? "మామగారూ, మీరంతా వచ్చి మా ఇంట్లో ఉంటే పాపకి తోడు, మీ అమ్మాయికి చేదోడు" అన్నారు. వచ్చాం. మీ అత్తగారూ, నేనూ, చదువు పేరు చెప్పి మీ బావమరిదీ, ముగ్గురం వచ్చాం. గాలీ వెలుతురూ బాగున్నాయి, టోపీ తగిలించుకోవడం దగ్గర్నుంచి అన్నింటికీ చోటుంది. "మూలనున్న ఆ నెట్ పెట్టెలో అన్నీ సర్ది పెట్టాను, ఎవరూ ముట్టుకోవద్దు" అని కూడా అన్నారు. ముట్టుకోలేదు. మేం చేసిన తప్పు అదే.

మొన్న అమ్మాయి తెర మీద కుట్టు క్లాసు చెబుతోంది. ఆ రోజు పాఠం కోటు చెయ్యి కత్తిరించడం. కత్తెర పైకెత్తి "ఇలా కత్తిరించండి" అంది. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. నోరు తెరిచి, కత్తెర తెరిచి, మ్యూజియంలో బొమ్మలా ఉండిపోయింది అమ్మాయి. "గీత దగ్గర ఆపండి" అన్న ముక్క బయటికి పోనేలేదు. పాపం అటువైపు వాళ్ళంతా బుద్ధిమంతులు. టీచరు ఆపమనలేదు కదా అని కత్తిరిస్తూనే పోయారు. బొమ్మ మళ్ళీ కదిలేసరికి సగం క్లాసు చేతుల్లో ఊడిపోయిన కోటు చేతులున్నాయి. అందులో ఒకావిడది వాళ్ళాయన పెళ్ళికి వేసుకున్న కోటు.

ఆయన క్లాసు నడిపే సంస్థకి ఫిర్యాదు పెట్టాడు. ఈ విడత ఆఖర్లో పర్యవేక్షకురాలు వచ్చి క్లాసు మొత్తం తెర మీద కూర్చుని చూస్తుందట. ఆ రోజు కూడా ఇలా ఆగిపోతే క్లాసు వేరే టీచరుకి ఇచ్చేస్తారట. అమ్మాయి భోజనం దగ్గర కూడా మెడలో కొలత టేపు తియ్యడం మర్చిపోతోంది. పాప పుట్టి కుట్టు షాపు మానేశాక అది మళ్ళీ మనిషిలా తిరుగుతున్నది ఈ క్లాసు వచ్చాకే. ఆ క్లాసు పోతే నేను చూస్తూ ఊరుకోలేను.

నేను రైల్వే కంట్రోలు గదిలో సర్వీసంతా ఏ బండిని ఎక్కడ ఆపాలో, దేన్ని ముందు పోనివ్వాలో చెప్పినవాణ్ణని మీకు తెలుసు. ఆ పెట్టె తెరిచే దారి చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను. అమ్మాయి తన ఉత్తరం తను రాస్తుందట, ఈ పెట్టె గొడవ మాత్రం "మీరూ ఆయనా తేల్చుకోండి" అంది.

ఇట్లు,
మీ మామగారు


కేబుల్ షెడ్డు, సెల్‌ఫోన్లు నిషిద్ధమైన కొండ పైనుంచి

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వ్యానులో వచ్చింది. వారానికి ఒక్కసారే వస్తుంది ఆ వ్యాను, ఉత్తరాలూ ఉల్లిపాయలూ కలిపి తెస్తుంది. ఇక్కడి పెద్ద గిన్నె, అదే రేడియో టెలిస్కోపు, ఆకాశం నుంచి వచ్చే సన్నని రేడియో చప్పుళ్ళు వింటుంది. ఒక్క సెల్‌ఫోన్ మోగినా దానికి చెవి పక్కన డప్పు కొట్టినట్టుంటుందట. అందుకే ఫోన్లు లేవు, వైఫై లేదు. ఆఫీసులో ఒక పాత ఫోనుంది గానీ ప్రాణం మీదికొస్తే తప్ప ముట్టుకోనివ్వరు. కోటు చెయ్యి తెగడం ప్రాణం మీదికి రావడం కాదన్నారు, అడిగి చూశాను.

విషయం ఇదండీ. ఇంట్లోకి సరుకు వచ్చే దారి రోడ్డంత వెడల్పు. ఇంట్లోంచి బయటికి పోయే దారి మాత్రం సందు. సినిమా చూస్తే సరుకు లోపలికొస్తుంది, దాంతో పేచీ లేదు. క్లాసు చెప్పేటప్పుడు మీ అమ్మాయి బొమ్మ ఆ సందులోంచే బయటికి పోవాలి. అక్కడ అందరూ తోసుకుంటే బొమ్మ ఆగిపోతుంది. పెట్టెలో క్యూఓఎస్ అని ఒక పేజీ ఉంటుంది. ఎవరి సరుకు ముందు పోవాలి, ఎవరిది ఆగాలి అన్నది అందులో వరసగా పెట్టుకోవచ్చు.

దాన్ని తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఏదో సరదాకి పెట్టాను, మనసులో పెట్టుకోకండి. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, మామగారికిచెప్పకు అని కొట్టండి.

ఒక్క మనవి. మొదటి వరసలో 'ముఖ్యం' అని ఒక పేరుంటుంది. దాన్ని మాత్రం కదపకండి. అది పెట్టె లోపలి వ్యవహారం, చెబితే చాలా పెద్ద కథ. దాని కింద మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోండి.

పాప నడిచిందా? నేను బయలుదేరిన రోజున సోఫా పట్టుకుని నిలబడి నాకు టాటా చెప్పింది. తిరిగొచ్చేసరికి పరిగెత్తుతుందేమో, మొదటి అడుగు నేను చూడనేమో అని ఇక్కడ నాకున్న బెంగ అదొక్కటే. దాని గురించి నాలుగు ముక్కలు రాయండి. మీ అమ్మాయిని అడిగితే "అంతా మామూలే" అని ఒక్క ముక్కతో సరిపెడుతోంది.

ఇట్లు,
మీ అల్లుడు


ముందు గది, అదే బల్ల

అల్లుడుగారికి ఆశీస్సులు.

పాస్‌వర్డ్ అందింది. నా చేత్తో నేనే దాన్ని కొట్టాల్సి రావడం గురించి మీరు వచ్చాక మాట్లాడుకుందాం.

పేజీ తెరిచాను. ఆహా! సర్వీసులో ఉండగా ఇంత అందమైన కంట్రోలు బోర్డు నాకు ఎవరూ ఇవ్వలేదు. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనూ, ప్రతి కంప్యూటరూ పేరుతో సహా కనిపిస్తోంది. ఒక్కోదానికి అత్యధికం, మధ్యమం, అల్పం అని మూడు హోదాలు. కుటుంబ సమావేశం పెట్టి, హోదాలు ప్రకటించాను. అక్కడే కొంప మునిగింది.

మీ బావమరిది ఆటల కంప్యూటరుకి అల్పం అన్నాను. మొహం వేలాడేసుకుని ఒక పూట భోజనం మానేశాడు. మీ అత్తగారి ఫోనుకి మధ్యమం అన్నాను. "ఇన్నేళ్ళు మీతో కాపురం చేసినందుకు చివరికి నాకు మధ్యమమా?" అని నిలదీసింది. ఇంటి శాంతి కోసం అందరికీ అత్యధికం ఇచ్చేశాను. ప్రింటరు ఒక్కటే మిగిలిపోయిందని దానికీ ఇచ్చాను. ఫలితం ఏమంటారా? మర్నాడు అమ్మాయి బొత్తాం కాజా చూపిస్తూ మళ్ళీ బొమ్మైపోయింది.

దాంతో కఠినంగా వెళ్ళాను. క్లాసు జరిగేటప్పుడు ఎవరు నెట్ వాడాలన్నా ముందుగా నాకు చీటీ రాసివ్వాలి, నేను లైన్ క్లియర్ ఇవ్వాలి. మీ అత్తగారు చీటీ రాసింది. "మా చెల్లెలితో మాట్లాడాలి. విషయం: మీరు." దాన్ని లూప్ లైన్లో, అంటే పక్క పట్టా మీద, ఆపి పెట్టాను. ఆ సాయంత్రం నా కాఫీ రాలేదు. అడిగితే "మీ కాఫీ కూడా లూప్ లైన్లోనే ఉంది, మెయిలు బండి వెళ్ళాక వస్తుంది" అంది. ఇంటి ఆడవాళ్ళకి రైల్వే భాష నేర్పకూడదని ఇన్నాళ్ళకి

ఒక్క నిమిషం

వచ్చాను. ఇంట్లో చిన్న సందడి. ఏమీ లేదు. పైన సిరా ఒలికినందుకు ఏమీ అనుకోకండి, మోచెయ్యి కదిలింది. ఎక్కడున్నాం? కాఫీ. కాఫీ సంగతి వదిలేయండి.

మొత్తానికి చీటీలు పెట్టినా, అరుపులు పెట్టినా, క్లాసు ఆగుతూనే ఉంది. ఇంకేం చెయ్యాలో వెంటనే రాయండి.

పాప సంగతి అడిగారు. పాప బాగుంది. ఎక్కడుంచితే అక్కడే ఉంటుంది. అస్సలు కదలదు. దీని గురించి నన్ను ఇంకేమీ అడగవద్దు.

ఇట్లు,
మీ మామగారు


కేబుల్ షెడ్డు

మామగారికి నమస్కారాలు.

అందరికీ అత్యధికం ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టేనండీ. పెట్టె పాపం ఎవర్ని ఆపాలి? అత్తయ్యగారికి నా తరఫున క్షమాపణ చెప్పి, మధ్యమంలో పెట్టండి. హోదా మనిషికి కాదు, ఆ సమయంలో ఆ పనికి అని చెప్పి చూడండి. వినకపోతే నా పేరు చెప్పండి, నేను దూరంగా ఉన్నాను కదా. ప్రింటరుని తీసేయండి.

ఇంకో కిటుకు ఉంది. పేజీ అడుగున మన దారి వెడల్పు ఎంతో చెప్పమని ఒక గడి ఉంటుంది. అసలున్న దానికంటే కొంచెం తక్కువ వేయండి. అప్పుడు రద్దీ ఎక్కడో వీధి చివర కాకుండా మన పెట్టె ముందే ఆగుతుంది, ఎవర్ని ముందు వదలాలో మన చేతిలో ఉంటుంది. క్లాసు కంప్యూటరుని రెండో వరసలో పెట్టండి. మొదటి వరస అలాగే ఉంచండి. మళ్ళీ ఎందుకు చెబుతున్నానంటే, పొరపాటున చెయ్యి తగులుతుందేమోనని. అంతకు మించి ఏమీ లేదు.

మామగారూ, మీరు రాసిన ఆఖరి ముక్కలు చదివిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎక్కడుంచితే అక్కడే ఉండటమేమిటి? నేను వచ్చేటప్పుడు బల్లకింద దూరి నా చెప్పు కొరికిన పిల్ల అది. అస్సలు కదలదా? నన్ను అడగొద్దన్నారంటే ఏదో దాస్తున్నారని నా అనుమానం. ఇక్కడి వంటాయనకి నలుగురు పిల్లలు. ఆయన్ని అడిగితే "ఈ పాటికి నడవాలే" అని గరిటె కింద పెట్టి మరీ ఆలోచించాడు. డాక్టరుకి చూపించారా? ఉన్నదున్నట్టు రాయండి. మీకు దండం పెడతాను.

ఇట్లు,
మీ అల్లుడు


ముందు గది

అల్లుడుగారికి ఆశీస్సులు.

దొంగ దొరికాడు. పేరొక్కటే తెలియాలి.

మీరు చెప్పినట్టే అన్నీ సర్దాను. వెడల్పు తగ్గించి చెప్పాను. మీ అత్తగారు మధ్యమానికి ఒప్పుకుంది, మీ పేరు చెప్పగానే "అల్లుడు అన్నాడంటే ఏదో ఉండే ఉంటుంది" అంది. నేను చెబితే లేని విలువ అది, సరే. మీ బావమరిది బండి గూడ్సు లెక్కన పక్కన నిలబడుతోంది. అయినా క్లాసు ఆగింది! అప్పుడు ఏ పేరు ఎంత సరుకు బయటికి పంపుతోందో చూపించే పేజీ తెరిచాను. మీ 'ముఖ్యం' ఉందే, అది పగలూ రాత్రీ పంపుతూనే ఉంది. లోపలికి ఒక్క ముక్క తీసుకోదు, అన్నీ బయటికే. చివరి గార్డు పెట్టె ఎంతకీ కనిపించని గూడ్సు బండిలా సాగుతూనే ఉంది. పైగా దానికి పచ్చ జెండా అందరికంటే ముందు! అమ్మాయి క్లాసు దాని వెనక నిలబడి ఈలలేస్తోంది.

ఇది పెట్టె లోపలి వ్యవహారం కాదు, పక్కింటి వ్యవహారమని నాకు తోచింది. ఎవడో మీ కన్నుగప్పి ఆ పేరుతో దూరాడు. పక్కన పళ్ళ డాక్టరు ఉన్నాడు కదా, తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి "మా నెట్ వాడుకుంటున్నారా, లేదా?" అని అడిగాను. కుర్చీలో నోరు తెరిచి పడుకున్న రోగి పాపం, తననే అడిగాననుకుని తల అడ్డంగా ఊపాడు. డ్రిల్లు జారింది. డాక్టరు నన్ను పక్క గదిలోకి తీసుకెళ్ళి తన పెట్టె చూపించాడు. అది మీ పెట్టెకి తాతలా ఉంది. మన నెట్ ఆయనకి ఏ మూలకీ రాదు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నోరు తెరిచి నిలబడితే, ఆయన అందులోకి చూసి, వెనక దవడ పన్ను పుచ్చిందన్నాడు. దొంగని పట్టుకోడానికి వెళ్ళి పన్ను పీకించుకుని వచ్చాను.

'ముఖ్యం' పీక నొక్కాలని చెయ్యి దురద పెడుతోంది. కానీ కదపొద్దని మీరు ఆర్డరు వేశారు. ఆర్డరు కాదని బండి తోలే అలవాటు నాకు లేదు. పర్యవేక్షకురాలు రాబోయే వారమే వస్తోంది. మీ జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను.

ఈ లోపల పెట్టె పక్కన కాపలా కూడా నాకే పడింది. మొన్న క్లాసు నడుమ లైను మొత్తం పోయింది. తీరా చూస్తే పాప సోఫా దగ్గర్నుంచి తిన్నగా నడిచొచ్చి, దీపాలు మెరుస్తున్నాయని వైరు పట్టుకు లాగేసింది. రోజుకోసారైనా ఇదే పని. పెట్టె ఉన్న స్టూలు ఎత్తు పెంచినా లాభం లేదు, మునివేళ్ళ మీద నిలబడుతోంది.

పాప ఆరోగ్యం గురించి కంగారు పడ్డారు. డాక్టరు అవసరం లేదు. ముందే చెప్పాను కదా, ఎక్కడుంచితే అక్కడే ఉంటుంది.

ఇట్లు,
మీ మామగారు


కేబుల్ షెడ్డు, వ్యాను ఇంకా బయలుదేరకముందే రాస్తున్నాను

మామగారూ,

నడిచొచ్చిందా? సోఫా దగ్గర్నుంచి పెట్టె దాకా? తిన్నగా? మునివేళ్ళ మీద కూడానా?

ఆ వాక్యం వంటాయనకి చదివి వినిపించాను. ఆయన గరిటెతో బల్ల మీద దరువేశాడు. మీరు ఎందుకు దాచారో నాకు అక్కర్లేదు. నడిచింది, చాలు.

ఇప్పుడు నా సంగతి. ఇన్నాళ్ళూ నీళ్ళు నమిలాను, ఇక నమలను. ఆ 'ముఖ్యం' నాదే. పక్కింటాయనది కాదు. ఆయనకీ, కుర్చీలో ఉన్నాయనకీ, మీ పంటికీ నా క్షమాపణలు.

బయలుదేరే ముందు రోజు తలుపు పక్క అలమరా అంచున చిన్న కెమెరా బిగించాను. పాప ఆడుకునే చాప ఒక్కటే కనిపించేలా కిందికి వంచాను, మీరెవరూ అందులో పడరు. మాటలు కూడా వినిపించవు, ఉత్త బొమ్మే. ఆ బొమ్మంతా ఇంటర్నెట్‌లో నేను అద్దెకి తీసుకున్న ఓ గోదాములోకి వెళ్ళి పడుతుంది. తిరిగొచ్చాక కూర్చుని, నేను లేని రోజులన్నీ చూసుకుందామని ఆశ. మీ అమ్మాయికి చెబితే "ఇంట్లో కెమెరా ఏమిటి" అంటుందని చెప్పలేదు. ఒక్క క్షణం కూడా తప్పిపోకూడదని దాన్ని మొదటి వరసలో పెట్టాను. అదే మీ అమ్మాయి క్లాసుకి అడ్డం పడుతోందని మీ మొదటి ఉత్తరంలోనే నాకు అర్థమైంది. అయినా మొదటి అడుగు పడేదాకా, ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అని తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. కోట్లు తెగుతుంటే ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

దాన్ని ఊడబీకేయండి. ఇప్పుడే. క్లాసు కంప్యూటరుని మొదటి వరసలోకి తీసుకెళ్ళండి.

నాకు ఇంకేమీ వద్దు. పాప నడిచింది, అది రికార్డయి ఉంది, గోదాములో భద్రంగా ఉంది. గోదాము తాళం వేరే చీటీలో రాశాను, బావమరిదికి ఇవ్వండి. మీరంతా కూడా చూడండి. దయచేసి ఏదీ చెరిపేయకండి.

ఇట్లు,
మీ తప్పుచేసిన అల్లుడు


ముందు గది

ఏమయ్యా అల్లుడూ,

నీకు ఇక గారూ లేదు, మీరూ లేదు. నన్ను పళ్ళ డాక్టరు మీదికి ఉసిగొల్పి, కొండ మీద కూర్చుని ఆకాశం వింటున్నావా? ఈ ఉత్తరం నిండా కేకలేద్దామనే కూర్చున్నాను. కానీ నాకూ ఒక చిక్కొచ్చిపడింది, అందుకని గొంతు లేవడం లేదు. అది కింద వస్తుంది.

ముందు క్లాసు సంగతి. నీ ఉత్తరం సరిగ్గా పర్యవేక్షకురాలు వచ్చే ముందు రోజు అందింది. 'ముఖ్యం' కథ అమ్మాయికి చదివి వినిపించాను. వింటూ వింటూ చేతిలో గుడ్డని నిలువునా కత్తిరించేసింది, ఈసారి నెట్ తప్పేమీ లేదు. నేను నీ బండిని ఆపేశాను. క్లాసుకి మొదటి వరస ఇచ్చాను. మర్నాడు పర్యవేక్షకురాలు తెర మీదికొచ్చింది. నవ్వితే జీతం కోసేస్తారన్నట్టు కూర్చుంది. అమ్మాయి మొదలుపెట్టింది, మళ్ళీ ఆ కోటు చెయ్యి పాఠమే, పంతం పట్టి అదే ఎంచుకుంది. బొమ్మ నీళ్ళలా సాగింది. మీ అత్తగారు తనంతట తనే ఫోను ఆపేసి, కాఫీ తెచ్చి నా చేతికిచ్చింది. ఇక గట్టెక్కామనుకుంటుండగా సోఫా వెనక నుంచి పాప బయలుదేరింది.

దాని కళ్ళు పెట్టె దీపాల మీద ఉన్నాయి. ఎత్తుకుంటే గుక్కపెట్టి ఏడుస్తుంది, ఏడుపు మైకులో పడుతుంది. ఎత్తుకోకపోతే వైరు లాగుతుంది. ఒక చేతిలో కాఫీ. రెండో చేత్తో బల్ల మీదున్న నా ఉన్ని టోపీ తీసి పెట్టె నెత్తిన బోర్లించాను. దీపాలు మాయం! పాప నడిదారిలో ఆగి, నావైపు అదోలా చూసి, చతికిలబడి తన గౌను అంచు దారం పీక్కుంటూ కూర్చుంది. అమ్మాయి "గీత దగ్గర ఆపండి" అంది. అందరూ ఆపారు. ఒక్క చెయ్యీ ఊడలేదు. ఆఖర్లో పర్యవేక్షకురాలు "తరువాతి విడత కూడా మీరే చెప్పండి" అని మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వింది. ఆవిడ వెళ్ళగానే అమ్మాయి మెడలో టేపు తీసి నా మెడలో వేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పన్ను పీకినప్పుడు కూడా ఏడవలేదు.

ఇక నా చిక్కు. కోప్పడకు నాయనా.

ముందు రోజు నీ కెమెరా ఊడబీకుదామని నువ్వు చెప్పిన చోట వెతికాను. అలమరా అంచున నా టోపీ తప్ప ఏమీ లేదు. టోపీ తీశాను.

వచ్చిన రోజే చూశాను దాన్ని. తెల్లగా, గుండ్రంగా, మెడ వంచుకుని ఉంది. మామగారి టోపీ కోసం అల్లుడు ఎంత మంచి కొక్కెం పెట్టించాడో అని మీ అత్తగారితో గొప్పగా చెప్పాను కూడా. అంతే, రోజూ అక్కడే.

అందరం కూర్చుని గోదాము తెరిచాం. మొదటి రోజు చాప కనిపించింది, పాప పాదం ఒకటి కనిపించింది, తర్వాత నా చెయ్యి పెద్దదిగా వచ్చింది. ఆ తర్వాత నెలలకి నెలలు చీకటి. ఓ మూల వేలాడుతున్న దారం. "ఆ లోపలి కుట్టు ఊడిందని అప్పుడే చెప్పాను" అంది మీ అత్తగారు. సాయంత్రం టోపీ తీసి తలకి పెట్టుకుని షికారుకి వెళ్ళేవాణ్ణి, వెంట పాపని తీసుకుని. అందుకని రోజూ ఆ కాసేపూ ఖాళీ చాప భేషుగ్గా పడింది. అమ్మాయి క్లాసుని ఆపి, కోట్లు తెంపి, అన్నింటికంటే ముందు పచ్చ జెండా ఊపి ఇన్నాళ్ళూ మనం బయటికి పంపింది నా టోపీ లోపలి వైపు.

మొదటి అడుగు అందులో లేదు నాయనా. నాకు చాలా బాధగా ఉంది.

కానీ ఒక మాట. నా రెండో ఉత్తరం నీ దగ్గరుంటే తీసి చూడు. కాఫీ దగ్గర వాక్యం తెగి, సిరా ఒలికిన చోటు ఉంటుంది. అదే. సోఫా వదిలేసి, దీపాల వైపు చేతులు చాపుకుంటూ వచ్చి, స్టూలు అందక నా మోచెయ్యి పట్టుకుంది. ఆ మరక నాది కాదు, అది చేసింది. నువ్వు చూడలేకపోయావని కుమిలిపోతావని, నువ్వొచ్చాక నీ ముందే మొదటిసారి నడిచినట్టు చేద్దామని అమ్మాయి మా నోళ్ళు నొక్కేసింది. ఎక్కడుంచితే అక్కడే ఉంటుందని నాకు తోచిన అబద్ధం రాశాను. పెట్టె ధ్యాసలో పడి నేనే బయటపెట్టేశాను. అందుకు వేరే తిట్లు తిన్నాను.

అక్కడ చలి అని విన్నాను. నువ్వు ఇన్నాళ్ళూ చూడాలని ఆశపడిందాన్ని పార్సిలు చేసి పంపుతున్నాను. లోపల చెయ్యి పెట్టి చూసి మరీ పెట్టుకో.

దీవెనలతో,
మామ

(అంచున, అమ్మాయి చేతిరాతలో: కెమెరా గురించి వచ్చాక మాట్లాడుకుందాం. గొంతు సవరించుకుని రండి. టోపీ కుట్టు నేను వేశాను.)


కేబుల్ షెడ్డు పక్క గది

మామయ్యా,

టోపీ అందింది. తలకి సరిపోయింది, నిజంగానే వెచ్చగా ఉంది. వంటాయన ఒకసారి పెట్టుకుంటానని అడిగాడు, ఇవ్వలేదు.

మీ మీద కోపం లేదు. నా టోపీ పిచ్చికి, అదే, నా కెమెరా పిచ్చికి మీరు పన్ను ఇచ్చుకున్నారు, నేనేం కోప్పడతాను? మీ అమ్మాయికి రాసిన ఉత్తరం విడిగా పంపుతున్నాను. అందులో క్షమించమని తప్ప ఇంకేమీ లేదు కనుక మీరు మధ్యలో విప్పకండి.

మీ రెండో ఉత్తరం నా దిండు కిందే ఉంది. తీసి చూశాను. ఆ మరక పక్కన సన్నగా, వేలు జారినట్టు ఇంకో గీత కూడా ఉంది. ఇదివరకు ఎన్నిసార్లు చదివానో, ఒక్కసారీ దాన్ని చూడలేదు.

మీరు చెప్పినట్టు లోపల చెయ్యి పెట్టాను. మీ అమ్మాయి కుట్టు కాగితం మీద పాప పాదాలు గీసి కత్తిరించి పంపింది. కుడిదొకటి, ఎడమదొకటి. రెండూ నా అరచేతిలో పట్టాయి. వాటిని నేల మీద పెట్టాను. వెనకదాన్ని తీసి ముందుకి, మళ్ళీ వెనకదాన్ని తీసి ముందుకి పెట్టుకుంటూ, మంచం దగ్గర్నుంచి తలుపు దాకా మోకాళ్ళ మీద నేనూ వెళ్ళాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

మీ అల్లుడు